రాసింది నేనే, మాట నాది కాదు: సలహా సంస్థ ఉద్యోగి నైతికస్థితి - ఒక పరిశీలన

మూడేళ్ల కిందట ఒక పూర్వవిద్యార్థిని మా శాఖకు వచ్చింది. డిగ్రీలో ద్వితీయభాషగా తెలుగు చదివి, తరువాత ఎం.బి.ఏ. పూర్తిచేసి, హైదరాబాదులో ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో చేరి అప్పటికి ఆరేళ్లు. మాటల మధ్య తాను పనిచేసిన ఒక నివేదిక ప్రస్తావన వచ్చింది. ఒక రాష్ట్రప్రభుత్వ శాఖకోసం తయారైన నివేదిక అది. విద్యార్థుల సంఖ్య తక్కువగా ఉన్న సంక్షేమ వసతిగృహాలను దగ్గరలోని పెద్ద వసతిగృహాల్లో కలిపివేయాలన్నది అందులోని ముఖ్యమైన సిఫారసు. ఆ భాగం ఎవరు రాశారని అడిగాను. "రాసింది నేనే సార్. మాట మాత్రం నాది కాదు" అన్నది. ఆమె పదో తరగతి దాకా అటువంటి వసతిగృహంలోనే ఉండి చదువుకున్నది. ఆ సంగతి ఆమె ఆనాడు ఎత్తలేదు. నాకు ముందే తెలుసు.

ఆ జవాబు తప్పించుకునే మాటగా నాకు తోచలేదు. ఉన్న స్థితిని ఉన్నట్లు చెప్పిన వాక్యంగానే తోచింది. రాయడమనే క్రియకు కర్త ఉన్నది. రాయబడిన మాటకు మాత్రం స్వామి లేడు. సాహిత్య విద్యార్థులమైన మనకు కర్తృత్వం కొత్త విషయం కాదు. క్రీడాభిరామం వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అని తరతరాలుగా వాదించుకున్నవాళ్లం. అయితే ఆ వాదాలన్నింటి వెనుక ఒక నమ్మకం ఉన్నది: మాట ఉన్నచోట దానిని తనదనేవాడు ఒకడు ఉండి తీరాలి, వాణ్ణి మనం కనిపెట్టాలి అన్నది. కర్త అజ్ఞాతంగా ఉండటమే పద్ధతిగా గల రచనావ్యవస్థ ఒకటి మన చుట్టూ పెరిగి, మన విద్యార్థులను వేలసంఖ్యలో తనలో చేర్చుకున్నది. తాను రాసిన, తనదికాని సలహాకు రచయిత ఎంతవరకు బాధ్యుడు? ఆ స్థితిలో ఏళ్లతరబడి ఉండటం మనిషిని ఏంచేస్తుంది? ఈ రెండు ప్రశ్నలనూ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇది సర్వే కాదు. కొన్నేళ్లుగా నా పూర్వవిద్యార్థులు ఐదారుగురు చెప్పగా విన్నవి, బహిరంగంగా నమోదైన కొన్ని ఉదంతాలు, మన వాఙ్మయంలోని ఒక సభ - ఇవే దీనికి ఆధారాలు.

పని స్వరూపం

సలహా అమ్మే సంస్థలు కొత్తవి కావు. బోస్టన్‌లో ఆర్థర్ డి. లిటిల్ పేరిట వెలసిన సంస్థ 1886 నాటిది. చికాగో విశ్వవిద్యాలయంలో అకౌంటింగ్ ఆచార్యుడైన జేమ్స్ మెకిన్సీ తన సంస్థను 1926లో స్థాపించాడు. ఆయన తరువాత దానికి రూపురేఖలు దిద్దిన మార్విన్ బోవర్ న్యాయవాది. సలహా వ్యాపారం కాదు, న్యాయవాదం వంటి వృత్తి అని ఆయన పట్టుబట్టాడు. ఆ పోలికలో ఒక లోపం మిగిలిపోయింది. న్యాయవాది వకాలతుమీద సంతకం చేస్తాడు. వైద్యుని చీటీమీద ఆయన పేరూ రిజిస్ట్రేషన్ సంఖ్యా ఉంటాయి. ఛార్టర్డ్ అకౌంటెంట్ తన సభ్యత్వసంఖ్య వేస్తాడు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ లెక్కల అసలు సంగతి బయటపడినప్పుడు, ఆ లెక్కలను తనిఖీచేసిన ఆడిటర్లెవరో వెదకవలసిన పని రాలేదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా నిర్ధారించిన పదిమందిలో ఇద్దరు ఆ ఆడిటర్లే. (తీర్పుమీద అప్పీళ్లు వెళ్లాయి, అది వేరే సంగతి.) కన్సల్టెంటు తయారుచేసే పత్రానికి సాధారణంగా ఇటువంటి సంతకం ఉండదు. అట్టమీద సంస్థ ముద్ర ఉంటుంది, తేదీ ఉంటుంది, ఇది క్లయింటు వినియోగానికి మాత్రమేనన్న హెచ్చరిక ఉంటుంది.

ఈ తేడా ఎంత ఉన్నదో మన ఇటీవలి చరిత్రలోనే చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్ రాజధాని విషయమై రెండువారాల వ్యవధిలో రెండు నివేదికలు ప్రభుత్వానికి అందాయి. 2019 డిసెంబరు 20న వచ్చినది జి.ఎన్. రావు కమిటీ నివేదిక. 2020 జనవరి 3న వచ్చినది బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ నివేదిక. విషయం ఒకటే. మొదటిదానిని పొగిడినవారూ తెగడినవారూ ఒక మనిషి పేరు పట్టుకొని మాట్లాడారు. రెండవదానిని జనం మూడక్షరాలతో పిలిచారు. అంతకు ఇరవై ఏళ్లకు ముందు, 1999లో, మెకిన్సీ సహకారంతో ఉమ్మడి రాష్ట్రప్రభుత్వం వెలువరించిన విజన్ 2020 పత్రం సంగతీ అంతే. దానిమీద జరిగిన చర్చ అంతా ముఖ్యమంత్రి చుట్టూ, సంస్థ చుట్టూ తిరిగింది. ఆ పట్టికలు అల్లినవారెవరో, వారిలో ఎవరికైనా ఎక్కడైనా మనసొప్పనిది ఉన్నదో లేదో ఎవరూ అడగలేదు. అడగాలని తోచే వీలే ఆ పత్రంలో లేదు. ఆ నివేదికల మంచిచెడ్డలు ఇక్కడ ప్రస్తుతం కావు. వాటిమీద సంతకాల సంగతే ప్రస్తుతం.

మన పాత లేఖన సంప్రదాయం ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరూ తండ్రిపేరూ చెప్పుకొంటాడు. తాళపత్రం చివర, గ్రంథం తనది కాకపోయినా, లేఖకుడు తన పేరు రాసి తప్పులు మన్నించమంటాడు. భూమి అమ్మకపు దస్తావేజులో ఆ భూమితో ఏ సంబంధమూ లేని లేఖరి పేరు చివరి వరుసలో ఉంటుంది. మడికి సింగన సకలనీతిసమ్మతంలో కూర్చినవన్నీ పరుల మాటలే. అయినా ఏది ఏ నీతిగ్రంథంలోదో ఆయన చెప్పినందువల్లనే, నష్టమైపోయిన కొన్ని కృతులు ఉండేవని మనకు తెలిసింది. రాజుకు చెప్పవలసిన సలహాల సంకలనమది. సలహాకు ఊరూపేరూ ఉండాలన్నది సింగనకు విడిగా చెప్పవలసిన విషయంగా కూడా తోచి ఉండదు.

అనుభవంలో రెండు పొరలు

సలహా సంస్థల్లో పనిచేసేవారి అనుభవాలనగానే మొదట వినిపించేది పనిభారం. అది నిజమే. అమెరికా క్లయింట్లకోసం హైదరాబాదు కార్యాలయాల్లో పనిచేసేవారికి సాయంత్రం ఆరింటికి ఒక పగలు ముగిసి మరో పగలు మొదలవుతుంది. రోజులో ఎన్ని గంటలు క్లయింటు ఖాతాలో రాయగలిగారన్న లెక్కమీద మనిషి విలువ నిర్ణయమవుతుంది. ప్రాజెక్టు లేకుండా ఉన్న స్థితిని 'బెంచ్' అంటారు. బడిలో బెంచీ ఎక్కించి నిలబెట్టిన శిక్ష గుర్తున్నవారికి ఆ మాట వేరుగా వినిపిస్తుంది. నిర్ణీతకాలంలో పైమెట్టు ఎక్కనివారు సంస్థను వదలవలసిందేనన్న 'అప్ ఆర్ అవుట్' ఆనవాయితీ పెద్ద సంస్థల్లో దశాబ్దాలుగా ఉన్నది. 2024 జూలైలో పుణేలో ఒక పెద్ద సంస్థలో చేరిన నాలుగు నెలలకే ఒక యువ ఛార్టర్డ్ అకౌంటెంట్ మరణించింది. ఆమె తల్లి సంస్థకు రాసిన లేఖ సెప్టెంబరులో బయటికి వచ్చినప్పుడు, ఈ రంగంలో ఉన్నవారు దేశమంతటా తమ అనుభవాలు చెప్పుకొన్నారు. కేంద్ర కార్మికశాఖ విచారణ ప్రకటించింది. అటువంటి చోట నైతిక తత్త్వం మాట్లాడటం ఔచిత్యం కాదని అనిపించవచ్చు. గంటల లెక్క తేలవలసింది ముందు. అందుకు చట్టం ఉండాలి, ఉన్న చట్టం అమలుకావాలి.

అయితే నాతో మాట్లాడినవారు పనిగంటల గురించి చెప్పినంత తేలికగా చెప్పలేకపోయిన మరొక పొర ఉన్నది. పనిభారం గురించి చెప్పేటప్పుడు వారి భాష ధారాళంగా ఉండేది. రెండో పొర దగ్గరికి వచ్చేసరికి వాక్యాలు తెగిపోయేవి, ఇంగ్లీషుమాటలు ఎక్కువయ్యేవి. ఒకరు చెప్పినదిది: ఒక కర్మాగారంలో ఎంతమందిని తగ్గించవచ్చో లెక్కకట్టే పనిలో ఉండగా, రోజూ టీ ఇచ్చే మనిషి ఉద్యోగం ఎక్సెల్ పట్టికలో ఎన్నో వరుసలో ఉన్నదో తనకు తెలుసు, అతనికి తెలియదు. పదిరోజులు ఆ టీ తాగాడు. "నేను నిర్ణయించలేదు కదా" అని నన్నే రెండుసార్లు అడిగాడు. నేనేమి చెప్పగలను? నిజంగానే అతడు నిర్ణయించలేదు. నిర్ణయించిన యాజమాన్యమూ, సలహా ప్రకారం చేశామనే చెప్పి ఉంటుంది.

రాజనీతి తాత్త్వికుడు డెన్నిస్ థాంప్సన్ 1980లో దీనికి 'అనేక హస్తాల సమస్య' అని పేరు పెట్టాడు. ఒక ఫలితంలో చాలామంది చేతులు ఉన్నప్పుడు ఎవరి చేతికీ బాధ్యత అంటదు. ఆయన చెప్పినది ప్రభుత్వాధికారుల గురించి. కన్సల్టింగ్‌లో ఈ సమస్య అనుకోకుండా వచ్చిపడినది కాదు, ఆ సేవలో అదొక భాగమని నాకనిపిస్తుంది. నిర్ణయం తీసుకొనే స్తోమత ఉండి కూడా, ఆ నిర్ణయం బయటినుండి వచ్చినట్లు కనిపించాలని కోరే యాజమాన్యాలు లేకపోలేదు. వారు కొనుక్కొనే వస్తువుల్లో ఈ దూరం కూడా ఒకటి. ఆ దూరాన్ని తమ మనసులో మోసేవారు ఇరవైనాలుగు, ఇరవైఐదేళ్ల పిల్లలు.

ఒక వాక్యం ప్రయాణం

మళ్లీ మా విద్యార్థిని దగ్గరికి వస్తాను. ఆమె చెప్పిన ఒక వివరాన్ని పాఠపరిష్కర్తలు ప్రత్యేకించి గమనిస్తారు. వసతిగృహాల భాగం మొదటి ప్రతిలో ఆమె ఒక వాక్యం రాసింది. విలీనమైతే ఆడపిల్లలకు బడికీ వసతిగృహానికీ మధ్య దూరం పెరుగుతుంది, చీకటిపడ్డాక బస్సులేని ఊళ్లు ఇన్ని ఉన్నాయి, చదువు మానివేసేవారు ఉండవచ్చు అన్నది దాని సారాంశం. రెండవ ప్రతిలో ఆ వాక్యం సిఫారసు స్లయిడ్‌నుండి 'సంభావ్య ఇబ్బందులు' అనే స్లయిడ్‌లోకి జరిగింది. మూడవ ప్రతిలో ఆడపిల్లలన్నమాట పోయి 'కొన్ని వర్గాల లబ్ధిదారులు' అన్నమాట వచ్చింది. నాలుగవ ప్రతిలో ఊళ్ల సంఖ్య పోయింది. ఆ తరువాత వాక్యమంతా అనుబంధంలోకి వెళ్లింది. మంత్రిగారి ఎదుట ప్రదర్శించిన ప్రతికి అనుబంధం లేదు.

ఇందులో ఎవరూ అబద్ధం రాయలేదు. ఏ దశలోనూ ఆ వాక్యం తప్పని ఎవరూ అనలేదు. మొదటి మార్పుకు కారణం, ఒక స్లయిడ్‌లో ఒకే విషయం ఉండాలన్న నియమం. రెండవదానికి మర్యాద. మూడవదానికి, ఆ సంఖ్యను జిల్లా కార్యాలయం ఇంకా ధ్రువీకరించలేదన్న జాగ్రత్త. చివరిదానికి సమయం, మంత్రిగారు ఇచ్చినది ఇరవై నిమిషాలు. ప్రతి మార్పూ ఆమెకన్నా ఒక మెట్టు పైన ఉన్నవారు సూచించినదే, ప్రతి మార్పూ చేసినది ఆమె చేతులే. లేఖకదోషం అనుకోకుండా జరుగుతుంది, ప్రక్షిప్తం అనుకొని జరుగుతుంది. ఈ రెంటిలో దేనికిందా చేరని పాఠభేదానికి మన పరిష్కరణశాస్త్రంలో పేరు లేదు.

ఆమె నిందార్హురాలా? నేను అలా అనలేను. బెర్నార్డ్ విలియమ్స్ 1973లో ఒక ఊహాకల్పిత ఉదాహరణ ఇచ్చాడు. జార్జ్ అనే నిరుద్యోగ రసాయనశాస్త్రవేత్తకు రసాయన, జీవాయుధాల ప్రయోగశాలలో ఉద్యోగం వస్తుంది. అతడు చేరకపోతే, ఆ పనిని మరింత ఉత్సాహంతో చేసే మరొకడు చేరతాడు. ఫలితాల లెక్క ప్రకారం జార్జ్ చేరడమే మేలు. ఆ లెక్కలో జార్జ్ అనే మనిషి మాయమవుతున్నాడన్నది విలియమ్స్ అభ్యంతరం. తన నమ్మకాలకూ తన చేతలకూ మధ్య ఉన్న ముడి ఊడిపోయినవాడిని ఏకత్వం గల మనిషిగా ఎలా భావిస్తామని ఆయన ప్రశ్న. నేను కాకపోతే మరొకరు రాస్తారన్న మాట మా విద్యార్థిని కూడా అన్నది. అయితే జార్జ్ ఎదుట ఒక గడప ఉన్నది. దాటడమో, వెనుదిరగడమో తేల్చుకోవాలి. ఆమెకు గడప ఎక్కడా ఎదురుకాలేదు. ఐదు ప్రతులలో ఏ ప్రతి దగ్గర ఆగి ఉండవలసిందో ఈనాటికీ ఆమె చెప్పలేదు, నేనూ చెప్పలేను. విలియమ్స్ ఉదాహరణకున్న పరిమితి ఇక్కడే ఉన్నదనుకుంటాను. ఏకత్వం పోవడానికి మహాపాపం చేయనక్కరలేదు. స్లయిడ్ అమరిక సరిపోతుంది.

సభలో ముగ్గురు

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథంలో, క్షీణిస్తున్న సంస్థలోని మనిషికి ఉన్న దారులను నిష్క్రమణం, నిరసన, విధేయత అనే మూడు మాటలతో వివరించాడు. ఉద్యోగనీతి చర్చలు నేటికీ ఆ మూడింటి చుట్టూనే తిరుగుతున్నాయి. మన పాఠకులకు ఈ మూడు దారులూ కౌరవసభలో ముందే పరిచయం. అయితే భారతకథ వాటిని విడదీసి చూపదు, ఒకదానిలోకి మరొకదానిని చొప్పించి చూపుతుంది. అందువల్ల హిర్ష్‌మన్ కన్నా అది మనకు ఎక్కువ ఉపకరిస్తుందని నా అభిప్రాయం.

విదురుడు నిరసించాడు, నిష్క్రమించాడు, తిరిగివచ్చాడు. అరణ్యపర్వం మొదట్లో ధృతరాష్ట్రుడు కోపించి పొమ్మంటే, కామ్యకవనంలో పాండవుల దగ్గరికి వెళ్లాడు. మళ్లీ రాజే సంజయుణ్ణి పంపి పిలిపించుకొన్నాడు. సలహా వినని రాజుకు కూడా సలహాదారు కావాలి. ఆ తరువాత ఉద్యోగపర్వంలో, నిద్రపట్టని రాత్రి ధృతరాష్ట్రుడు పిలిస్తే విదురుడు తెల్లవార్లూ నీతి చెప్పాడు. రాజు అంతా బాగున్నదన్నాడు, ఏదీ పాటించలేదు. అయినా ఆ నీతి విదురనీతిగానే మిగిలింది. ధృతరాష్ట్రునికోసం తయారైన నివేదికగా మిగలలేదు.

భీష్ముడు ఇంకా కష్టమైన ఉదాహరణ. ద్రౌపది ప్రశ్నకు ధర్మం సూక్ష్మమని చెప్పి ఆగిపోయాడు. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు కవచం విడిచి, నడిచివచ్చి అనుజ్ఞ అడిగినప్పుడు మాత్రం ఒక నిజం చెప్పాడు: మనిషి అర్థానికి దాసుడనీ, కౌరవుల అర్థం తనను కట్టివేసిందనీ. జయం నీకు కలగాలని దీవించి, ఎదుటి పక్షాన నిలిచి పదిరోజులు యుద్ధం చేశాడు. ద్రోణుడూ కృపుడూ శల్యుడూ కూడా ఆ కట్టుబాటు మాటే చెప్పారు. నలుగురు పెద్దలు, ఒకే సమర్థన. "వ్యక్తిగతంగా నా అభిప్రాయం వేరు" అని సమావేశం ముగిసిన తరువాత నడవలో చెప్పే పై అధికారి గురించి ముగ్గురు వేర్వేరు పూర్వవిద్యార్థులు నాతో చెప్పారు. వారి ముగ్గురికీ ఆ అధికారిమీద గౌరవమే ఉన్నది. భీష్ముని మీద మనకున్నట్లే.

ఈ చర్చకు అందరికన్నా దగ్గరివాడు వికర్ణుడు. ధృతరాష్ట్రుని కొడుకుల్లో ఒకడు, సభలో చిన్నవాడు. పెద్దలందరూ మౌనంగా ఉండగా లేచి, ద్రౌపది గెలవబడలేదని కారణాలతో సహా చెప్పాడు. తాను ఓడిన తరువాత ఆమెను ఒడ్డే హక్కు ధర్మరాజుకు లేదన్నాడు, ఆమె ఐదుగురికీ భార్య అన్నాడు, పందెం సూచించినవాడు శకుని అన్నాడు. ఆనాటి సభలో ఇంత పద్ధతిగా వాదం కూర్చినవారు మరొకరు లేరు. దానికి కర్ణుని జవాబు వాదం మీదనే కాదు, వయసు మీద కూడా: నువ్వు చిన్నవాడివి, పెద్దలకు తెలియనిది నీకు తెలుసా అని. ఆ జవాబును నేటి ఉద్యోగులు మర్యాదైన ఇంగ్లీషులో వింటున్నారు. తరువాత వికర్ణుడు ఏంచేశాడు? అన్న పక్షానే యుద్ధం చేసి ద్రోణపర్వంలో భీముని చేతిలో మరణించాడు. నూరుగురినీ చంపుతానన్న ప్రతిజ్ఞవల్ల చంపవలసి వచ్చిందని భీముడు బాధపడ్డాడు. ప్రతిజ్ఞ పట్టికలో వికర్ణుని పేరు మిగతా తొంభైతొమ్మిది పేర్లతోపాటే ఉన్నది. భిన్నంగా మాట్లాడినవాడికి అందులో మినహాయింపు లేదు.

భిన్నాభిప్రాయానికి చోటు

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. సలహా సంస్థలు భిన్నాభిప్రాయాన్ని అణచివేస్తాయనడం పొరపాటు. మెకిన్సీ తన విలువల్లో భిన్నాభిప్రాయం చెప్పడాన్ని ఉద్యోగి హక్కుగా కాక విధిగానే ప్రకటించింది కదా అని. నిజమే. నాకు తెలిసినంతలో మన విశ్వవిద్యాలయాల్లో ఏ శాఖా అంత సాహసం చేయలేదు; మన బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశాల్లో ఆ విధి పెడితే ఏమవుతుందో పాఠకులే ఊహించుకోవచ్చు. ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయరాదు.

అయితే అదే సంస్థ చరిత్ర మరొకటి చెబుతున్నది. ఓపియాయిడ్ మాత్రల విక్రయం పెంచుకొనే విషయంలో ఔషధకంపెనీలకు ఇచ్చిన సలహాలకు సంబంధించి, 2021 ఫిబ్రవరిలో అమెరికా రాష్ట్రాలతో 57.3 కోట్ల డాలర్లకు మెకిన్సీ రాజీపడింది. 2024 డిసెంబరులో అమెరికా న్యాయశాఖతో 65 కోట్ల డాలర్లకు మరో ఒప్పందానికి వచ్చింది. ఆ సందర్భంలో ఒక మాజీ సీనియర్ భాగస్వామి నేరం అంగీకరించాడు. ఆ నేరం సలహా ఇచ్చినందుకు కాదు. ఆ పనికి సంబంధించిన పత్రాలను నాశనం చేసినందుకు. ఈ వివరం దగ్గర ఆగి ఆలోచించాలి. సలహాకు మూల్యం సంస్థ డబ్బురూపంలో చెల్లించింది. ఒక మనిషి పేరు బయటికి వచ్చింది రాసినందువల్ల కాదు, చెరిపినందువల్ల. భిన్నాభిప్రాయ విధి ఆ సంవత్సరాలన్నింటా అమలులోనే ఉన్నది.

విధి ఉండీ పనిచేయకపోవడానికి కారణం, ఆ విధికి పత్రంలో చోటు లేకపోవడమేనని నా ప్రతిపాదన. చెప్పవలసిన బాధ్యత అందరికన్నా కిందివాడిమీద పెట్టి, చెప్పినదానిని ఎక్కడా నమోదు చేయకపోతే, ఆ విధి పైవారిని విముక్తులను చేస్తుంది. నీకు అభ్యంతరముంటే చెప్పవలసింది కదా అనవచ్చు. చెప్పానంటే ఆధారం లేదు. మొదటి ప్రతి ఉన్న లాప్‌టాప్ సంస్థది. ఉద్యోగం మానిననాడు అప్పగించి వెళ్లాలి.

దీనికి భిన్నమైన పద్ధతి ఒకటి మన న్యాయస్థానాల్లో ఉన్నది. రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావుగారు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉండగా, 1962లో ఖరక్ సింగ్ కేసులో ఆరుగురు సభ్యుల ధర్మాసనంలో జస్టిస్ షాతో కలిసి భిన్నమైన తీర్పు రాశారు. పోలీసు నిఘానుండి రక్షణ కోరిన మనిషికి ఏకాంతం రాజ్యాంగం కల్పించిన వ్యక్తిస్వేచ్ఛలో భాగమేనన్నారు. అధికసంఖ్యాకులు అంగీకరించలేదు. ఆయన ఓడిన అభిప్రాయం గెలిచిన తీర్పుతోపాటే అచ్చయింది, ఆయన పేరుతో. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినప్పుడు, యాభైఐదేళ్లనాటి ఆ పుటలను తెరిచి చదివింది. సుబ్బారావుగారు అప్పటికి లేరు. ఆయన ధైర్యం గొప్పదే. కాని ఆ ధైర్యానికి పుట లేకపోతే 2017లో చదవడానికి ఏముండేది? వికర్ణుని విషయంలోనూ ఇదే. సభ అతణ్ణి కూర్చోబెట్టింది. కథకుడు మాత్రం అతని మాటలను అనుబంధంలో పెట్టలేదు.

నేను కోరేది చిన్న మార్పు. ప్రజాధనంతో తయారయ్యే ప్రతి సలహానివేదికలోనూ దానిమీద పనిచేసినవారందరి పేర్లు ఉండాలి. అంగీకరించనివారు తమ అనంగీకారాన్ని పేరుతో రాసే వీలు మూలప్రతిలోనే ఉండాలి. పేరు పెడితే చిన్న ఉద్యోగి మరింత చిక్కుల్లో పడతాడన్న వాదన ఉన్నది. అందులో బలం ఉన్నది. టీ ఇచ్చే మనిషి ఉద్యోగం పోతే కోపం పట్టికలో పేరున్న కుర్రవాడిమీదికి మళ్లవచ్చు. పేరు గుప్తంగా ఉంచడం అతనికి రక్షణ కూడా. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అయితే ఆ రక్షణ అతణ్ణి జనం కోపంనుండి కాపాడినంతగా అతనినుండి అతణ్ణి కాపాడటం లేదని మాత్రం విన్నదాన్నిబట్టి చెప్పగలను. పేరు లేకపోవడం బాధ్యతను తీసివేయదు; దానిని ఎవరికీ చూపలేని చోట పెడుతుంది.

ఈ ఏకాంత భారానికి మరో ముఖం కూడా ఉన్నది, అది అంత గౌరవప్రదమైనది కాదు. ఏడాది చివర స్వీయమూల్యాంకనం రాసుకొనే సమయంలో ఆ వసతిగృహాల నివేదికను తన విజయాల్లో మొదటిదిగా రాసుకొన్నానని మా విద్యార్థిని చెప్పింది. అక్కడ 'నేను రూపొందించాను' అని ఉత్తమపురుషలోనే ఉన్నదట. ఆ ఏడాది పదోన్నతి వచ్చింది. ఈ మాట ఎవరూ అడగకుండానే చెప్పింది. తన తండ్రి చేయించుకొన్న మోకాలి శస్త్రచికిత్స ఖర్చు సంగతి కూడా అదే ఊపిరిలో చెప్పింది. భీష్ముని మాట ఆమెకు నేను గుర్తుచేయలేదు. మా జీతాలు వచ్చే తేదీ దాటితే మేం పడే ఆందోళన నాకు తెలుసు.

గత ఏడాది ఆమె మళ్లీ వచ్చింది. ఇప్పుడు ఆమె కింద ముగ్గురు కొత్తవాళ్లు పనిచేస్తున్నారు. వాళ్లలో ఒక అబ్బాయి, విజయనగరం వైపువాడు, వేరొక శాఖ నివేదికలో ఇటువంటి వాక్యమే ఒకటి రాసి పంపాడట. బాగా రాశాడని మెచ్చుకొన్నది. ఏంచేశావని అడిగాను.

"సమయం లేదు సార్. అనుబంధంలో పెట్టమన్నాను" అన్నది. కాసేపటికి, "ఊళ్ల పేర్లు మాత్రం తీయనివ్వలేదు" అన్నది.